కూకట్‌పల్లి ఓటు ఎటు పోతుంది, ఎందుకు పోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నిజాంపేట రోడ్డులో ఫ్లాటు కొనుక్కుని వచ్చి మూడేళ్లయింది. 2023లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తే కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుతుబుల్లాపూర్, ఎల్బీనగర్ లాంటి శివారు సీట్లన్నీ బీఆర్ఎస్‌కే ఎందుకు పడ్డాయి? ఇదంతా సెటిలర్ల (ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల) ఓటేనా? ఈ సీట్లు ఆ పార్టీకి కంచుకోటలా? రేపు ఏమవుతుంది?

ముందు సూటిగా జవాబు చెప్తాను. కంచుకోటలు కావు. సెటిలర్ల ఓటు అనేది ఒకే మూట కూడా కాదు. కూకట్‌పల్లి సీటు పుట్టింది 2009లో. అప్పటినుంచి నాలుగు అసెంబ్లీ ఎన్నికలు జరిగితే మూడు పార్టీలు గెలిచాయి: ఒకసారి లోక్‌సత్తా, ఒకసారి తెలుగుదేశం, రెండుసార్లు టీఆర్ఎస్ (2023 నాటికి అదే బీఆర్ఎస్). శివారు ఓటరు ఏ ఎన్నిక లెక్క ఆ ఎన్నికకే వేసుకుంటాడు. కార్పొరేటర్‌కు ఒకలా, ఎమ్మెల్యేకు ఒకలా, ఎంపీకి ఇంకోలా వేస్తాడు. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. ఎవరికి వేశారు అని అందరూ మాట్లాడుకుంటారు గానీ, ఇక్కడ ఫలితం చాలావరకు తేలేది అసలు ఆ రోజు బూత్‌కు వచ్చి వేసింది ఎవరు అన్నదాని మీద.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూకట్‌పల్లిలో కొన్నేళ్లు బీఎల్‌ఓగా (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా) ఇంటింటికీ తిరిగాను. పోలింగ్ డ్యూటీ సొంత నియోజకవర్గంలో వేయరు కాబట్టి అది ఎప్పుడూ ఎల్బీనగర్ వైపో ఉప్పల్ వైపో పడేది. అలా ఒకచోట జాబితా చూశాను, ఇంకోచోట క్యూ చూశాను. ఎన్నిక అయ్యాక ఫారం 20 (బూత్‌లవారీ ఫలితాల పట్టిక) తెచ్చుకుని చూడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. కింద రాసేది ఈ మూడింటి నుంచి వచ్చిందే.

ఈ సీటు ఎక్కడినుంచి వచ్చింది

2009కి ముందు ఇదంతా ఖైరతాబాద్ నియోజకవర్గం. ఇప్పటి ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి నాలుగూ కలిపితే దాదాపు ఆ పాత సీటు అవుతుంది. అంత పెద్దదిగా ఎందుకు మిగిలిపోయిందంటే, 1971 జనాభా లెక్కల మీద గీసిన గీతలు అలాగే ఉండిపోయాయి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో నియోజకవర్గాల పునర్విభజనను ఆపేశారు. గీతలు కదలలేదు, ఊరు మాత్రం కదిలింది. బాలానగర్, సనత్‌నగర్ చుట్టూ అప్పటికే ఉన్న ఆల్విన్‌కు తోడు 1960ల నుంచి ఐడీపీఎల్, హెచ్ఏఎల్ వచ్చాయి. బొంబాయి రోడ్డు వెంట ముందుకెళ్తే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేయడానికి వచ్చినవాళ్లు ఇక్కడే కాలనీలు కట్టుకున్నారు. 80ల్లో హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, అదే కేపీహెచ్‌బీ. ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ (తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలవాళ్లకు) అంటూ వాయిదాల మీద ఇళ్లు ఇచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన మధ్యతరగతి కుటుంబాలు ఆ ఇళ్లు చాలా కొనుక్కున్నాయి. ఒక కుటుంబం వస్తే ఆ ఊరివాళ్లు మరో నాలుగు కుటుంబాలు వస్తాయి. కాలనీలు అలాగే నిండాయి.

ఆ పాత ఖైరతాబాద్‌కు పెద్ద పేరు పీజేఆర్, అంటే పి. జనార్దన్ రెడ్డి గారు. 1978, 1985, 1989, 1994, 2004లో, మొత్తం ఐదుసార్లు అక్కడినుంచి గెలిచారు. ఆయన బలం కార్మిక సంఘాలు, బస్తీలు. బస్తీలో నల్లా ఎండితే జనం ముందు ఆయన ఇంటికే వెళ్లేవాళ్లు. 1999లో మాత్రం తెలుగుదేశం తరఫున నిలబడిన మాజీ సీబీఐ డైరెక్టర్ కె. విజయరామారావు గారి చేతిలో ఓడిపోయారు. అంతకు ఏడాది ముందే, 1998 నవంబరులో, ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ ఓటమికి అది ఒక్కటే కారణమని నేను అనను. కానీ బస్తీ ఓటుతో పాటు కాలనీ ఓటు కూడా సీటును తేల్చే స్థాయికి చేరిందని నాకు మొదటిసారి అర్థమైంది ఆ ఎన్నికలోనే. 2004లో పీజేఆర్ తిరిగి గెలిచారు, 2007 డిసెంబరులో చనిపోయారు.

అదే 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఏర్పడింది. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుతుబుల్లాపూర్, ఎల్బీనగర్, మల్కాజిగిరి, ఉప్పల్ సహా చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు నగరంలో కలిశాయి. 2001 జనాభా లెక్కల మీద కొత్త నియోజకవర్గాలు గీశారు, 2009 ఎన్నికలు వాటితో జరిగాయి. కూకట్‌పల్లికి సొంతంగా ఒక ఎమ్మెల్యే అప్పుడొచ్చాడు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక, ముఖ్యంగా మీకు. పోస్టల్ అడ్రసులో కూకట్‌పల్లి అని ఉన్నంత మాత్రాన మీ ఓటు కూకట్‌పల్లిలో ఉండదు. హైదర్‌నగర్, వివేకానందనగర్, ఆల్విన్ కాలనీ శేరిలింగంపల్లి సీటులోకి వస్తాయి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కుతుబుల్లాపూర్‌లోకి వస్తాయి. ఒకే మెట్రో స్టేషన్‌లో దిగి ఇళ్లకు వెళ్లే ముగ్గురూ మూడు వేర్వేరు సీట్లలో ఓటేస్తూ ఉండొచ్చు. ఎంపీ దగ్గరకొస్తే తేడా ఇంకా పెద్దది. కూకట్‌పల్లి, కుతుబుల్లాపూర్ మల్కాజిగిరి లోక్‌సభ కిందికి వస్తే, శేరిలింగంపల్లి చేవెళ్ల కిందికి వస్తుంది. పేపర్లలో "కూకట్‌పల్లి ఓటరు ఇలా అనుకుంటున్నాడు" అని చదివినప్పుడు అది ఏ కూకట్‌పల్లో చూసుకోవాలి.

2009: ఈల గుర్తు గెలిచిన చోటు

2009లో రాష్ట్రంలో 294 సీట్లలో ఈల గుర్తు పార్టీ లోక్‌సత్తా గెలిచింది ఒక్కటే, అది కూకట్‌పల్లి. జయప్రకాశ్ నారాయణ గారు కాంగ్రెస్ అభ్యర్థి మీద 15 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. చాలామంది దీన్ని చదువుకున్నవాళ్ల గెలుపు అంటారు. అందులో కొంత నిజం ఉంది గానీ అది పూర్తి కథ కాదు. ఆ రోజుల్లో నేను తిరిగిన వీధుల్లో ఆయనకు పనిచేసింది కాలనీ అసోసియేషన్లు, ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో మాట్లాడారు, ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించారు. కొత్త సీటు కావడం కూడా కలిసొచ్చింది. ఎవరికీ పాత బూత్ లెక్కలు లేవు, ఎవరి మనుషులూ పాతుకుపోయి లేరు.

అదే ఓటరు 2014లో లోక్‌సత్తాను పూర్తిగా వదిలేశాడు. ఎందుకో చెప్తే ఈ సీటు స్వభావం అర్థమవుతుంది. 2014 ఏప్రిల్ 30న తెలంగాణలో పోలింగ్ జరిగేనాటికి రాష్ట్ర విభజన చట్టం వచ్చేసింది. కేపీహెచ్‌బీలో ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: ఇల్లు ఇక్కడ, పిల్లల చదువు ఇక్కడ, రేపు మనం ఏమవుతాం? నాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, "మాస్టారూ, మంచివాళ్లకు పోయినసారి వేశాం, ఈసారి మన గురించి గట్టిగా అడిగేవాళ్లకు వేయాలి" అన్నారు. మంచి చెడ్డల లెక్క కాదది, భద్రత లెక్క. తెలుగుదేశం నుంచి మాధవరం కృష్ణారావు గారు 43 వేల పైన మెజారిటీతో గెలిచారు.

కూకట్‌పల్లి ఒక్కటే కాదు. ఆ ఏడాది తెలంగాణలో తెలుగుదేశం గెలిచిన 15 సీట్లలో పది హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కలా ఉన్నవే: కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుతుబుల్లాపూర్, ఎల్బీనగర్, మహేశ్వరం, రాజేంద్రనగర్, ఇబ్రహీంపట్నం, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, కంటోన్మెంట్. పొత్తులో ఉన్న బీజేపీ గెలిచిన అయిదూ నగరంలోనే, ఉప్పల్ అందులో ఒకటి. మ్యాపు మీద రంగులేస్తే రాష్ట్రమంతా గులాబీ, నగరం చుట్టూ పసుపు రంగు కంకణం. శివారు అంటే తెలుగుదేశం కంచుకోట అని అప్పుడూ అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి 2016 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 99 వచ్చాయి, తెలుగుదేశానికి మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ కేపీహెచ్‌బీ కాలనీ.

2018: భయం తగ్గాక ఏం చూశారు

కృష్ణారావు గారు మధ్యలో టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018 డిసెంబరులో ఆయన మీద తెలుగుదేశం నందమూరి సుహాసిని గారిని నిలబెట్టింది. ఆమె ఎన్టీఆర్ మనవరాలు, తండ్రి హరికృష్ణ గారు ఆ ఆగస్టులోనే ప్రమాదంలో చనిపోయారు. కాంగ్రెస్‌తో పొత్తు కూడా ఉంది. "సెటిలర్ల ఓటు" అనేది ఒకే మూట అయితే ఆమె గెలవాల్సిన చోటు ఇది. 70 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి, కానీ 41 వేల తేడాతో ఓడిపోయారు.

నేను చూసినంతలో కారణాలు మూడు. మొదటిది, నాలుగున్నరేళ్లలో భయపడినట్టు ఏమీ జరగలేదు. రెండోది నీళ్లు. గోదావరి నీళ్లు 2015 చివర్లో నగరానికి వచ్చాయి. ట్యాంకర్ల కోసం రాత్రి పన్నెండింటిదాకా మేలుకుని కూర్చున్న ఆడవాళ్లకు ఆ తేడా ఏమిటో తెలుసు. దానికి తోడు 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైంది. మూడోది, కృష్ణారావు గారు పార్టీ మారినా మనిషి మారలేదు. పెళ్లికీ చావుకూ వచ్చే ఎమ్మెల్యే అదే మనిషి. 2014లో "గట్టిగా అడిగేవాళ్లకు వేయాలి" అన్న ఆ పెద్దాయనే 2018లో "అడిగే పని లేకుండా జరుగుతోంది కదా, ఇంకెందుకు గొడవ" అన్నారు. ఆయన మాటలో నాకు అవకాశవాదం కనబడలేదు. ఇల్లు నిలబెట్టుకున్న మనిషి జాగ్రత్త అది.

ఇలా పార్టీ మారి గెలవడం ఇక్కడ ఒక్కరి కథ కాదు. శేరిలింగంపల్లిలో అరెకపూడి గాంధీ గారు 2014లో తెలుగుదేశం, 2018లో టీఆర్ఎస్, 2023లో బీఆర్ఎస్ తరఫున గెలిచారు. కుతుబుల్లాపూర్‌లో కె.పి. వివేకానంద గారు సరిగ్గా ఇదే దారి. రాజేంద్రనగర్‌లో ప్రకాశ్ గౌడ్ గారు తెలుగుదేశం నుంచి రెండుసార్లు, ఆ తర్వాత టీఆర్ఎస్ (బీఆర్ఎస్) నుంచి రెండుసార్లు గెలిచారు. ఎల్బీనగర్‌లో సుధీర్ రెడ్డి గారు 2009లోనూ 2018లోనూ కాంగ్రెస్, 2023లో బీఆర్ఎస్. మధ్యలో 2014లో అక్కడ గెలిచింది బీసీ ఉద్యమ నాయకుడు ఆర్. కృష్ణయ్య గారు, తెలుగుదేశం తరఫున. అసెంబ్లీకి శివారులో గుర్తు కంటే మనిషి ముందు. గుర్తుంచుకోండి, ఇది అసెంబ్లీ మాట మాత్రమే.

అదే ఓటరు, మూడు ఎన్నికలు

మల్కాజిగిరి లోక్‌సభ స్థానం చూడండి. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అన్నిటికంటే పెద్దది, 2024లో 37 లక్షలు దాటింది. దాని కింద ఏడు అసెంబ్లీ సీట్లు: మేడ్చల్, మల్కాజిగిరి, కుతుబుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, కంటోన్మెంట్. 2018 డిసెంబరులో ఈ ఏడింటిలో ఆరు టీఆర్ఎస్ గెలిచింది. నాలుగు నెలల తర్వాత, 2019 ఏప్రిల్‌లో, కొడంగల్‌లో అసెంబ్లీకి ఓడిపోయి వచ్చిన రేవంత్ రెడ్డి గారు కాంగ్రెస్ నుంచి ఎంపీగా గెలిచారు. మెజారిటీ 10,919.

2023 నవంబరు 30న ఏడుకు ఏడూ బీఆర్ఎస్. అయిదున్నర నెలల తర్వాత 2024 మే 13న అదే ఓటర్లు బీజేపీ నుంచి ఈటల రాజేందర్ గారిని 3.9 లక్షల పైన మెజారిటీతో గెలిపించారు. అసెంబ్లీకి ఏడు సీట్లూ గెలిచిన బీఆర్ఎస్ మూడో స్థానంలో ఆగిపోయింది. ఇన్ని లక్షల మంది అయిదు నెలల్లో మనసు మార్చుకున్నారని నేను అనుకోను. ఢిల్లీకి ఒక లెక్క, ఇక్కడికి ఒక లెక్క పెట్టుకున్నారు. మా వీధిలో ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ నాతో ఒకే మాట చెప్పారు: "ఎమ్మెల్యేకి పనిచూసి వేశాం సార్, ఎంపీకి దేశం చూసి వేశాం." ఇలాంటి మాట శివారులో పది ఇళ్లు తిరిగితే అయిదింట్లో వినిపిస్తుంది.

మున్సిపల్ ఎన్నిక ఇంకో లోకం. 2020 అక్టోబరు వానలకు ఎల్బీనగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నేను అప్పుడు అక్కడి బంధువుల ఇంటికి నడుము లోతు నీళ్లలో వెళ్లాను. పై అంతస్తులో మూడు కుటుంబాలు ఒకే స్టవ్వు మీద వండుకుంటున్నాయి. ప్రభుత్వం ఇస్తామన్న రూ. 10 వేల వరద సాయం కొందరికి అందింది, చాలామందికి అందలేదు, ఆ కోపం బాగా ఉంది. డిసెంబరు 1న పోలింగ్ జరిగితే ఎల్బీనగర్ నియోజకవర్గంలోని 11 డివిజన్లూ బీజేపీ గెలిచింది. నగరం మొత్తం మీద నాలుగు నుంచి 48కి చేరింది. మూడేళ్ల తర్వాత అసెంబ్లీకి అదే ఎల్బీనగర్ బీఆర్ఎస్‌కు వేసింది, బీజేపీ రెండో స్థానం. ఇలా ఓటు వేసేవాళ్లకు నిలకడ లేదని కొందరు అంటారు. ఆ మాటతో నేను ఒప్పుకోను. నాలా పొంగితే అడగాల్సింది ఎవరిని, ఇంటి పట్టా రెగ్యులరైజ్ కావాలంటే వెళ్లాల్సింది ఎవరి దగ్గరకు అన్నది ఈ ఓటరుకు స్పష్టంగా తెలుసు.

మరి 2023లో ఎందుకు అలా?

ఇదీ మీ అసలు ప్రశ్న. ఊళ్లలో ప్రభుత్వం మీద కోపం తెప్పించినవి ధరణి (భూ రికార్డుల పోర్టల్) తప్పులు, కౌలు రైతుల బాధ, ఉద్యోగాల నోటిఫికేషన్లు. వీటిలో మొదటి రెండూ ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఎవరికీ తగలవు. మూడోది తగిలింది, కానీ ఆ పిల్లల ఓట్లు చాలావరకు సొంతూళ్లలో ఉన్నాయి. కోచింగ్ కోసం హాస్టల్లో ఉండే కుర్రాడు ఓటు వేయడానికి బస్సెక్కి జిల్లాకు వెళ్తాడు. అలా కోపం నగరంలో కూర్చుని, ఓటు ఊళ్లో పడింది.

ఇక్కడ ఉన్నవాళ్లకు కనిపించినవి వేరు. కైతలాపూర్ దగ్గర 2022లో వచ్చిన బ్రిడ్జి మీదుగా కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్లే మనిషికి రోజూ అరగంట మిగిలింది. ఉచిత నీళ్ల పథకంతో నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు. ఫ్లాటు ధర పెరిగింది. ఇంటి మీద ఇరవై ఏళ్ల లోను ఉన్నవాడికి ఊరు ఇలాగే సాగితే చాలు అనిపిస్తుంది. ఎదురు నిలబడ్డవాళ్ల సంగతీ చూడాలి. శేరిలింగంపల్లిలో కాంగ్రెస్ అభ్యర్థి ఎన్నికల ముందువరకు బీఆర్ఎస్ కార్పొరేటరే. చివరి నిమిషంలో వచ్చిన అభ్యర్థికి ఇన్ని వందల బూత్‌లలో ఏజెంట్లను కూర్చోబెట్టడమే కష్టం. కూకట్‌పల్లిలో బీజేపీ పొత్తుతో జనసేన పోటీ చేసింది, ప్రభుత్వం మీద ఉన్న వ్యతిరేక ఓటు రెండుగా చీలింది.

సెటిలర్ల ఓటు లెక్క కూడా ఆ ఎన్నికలోనే గట్టిగా పరీక్షకు నిలబడింది. 2023 సెప్టెంబరులో చంద్రబాబు గారి అరెస్టు జరిగింది. శివారుల్లో, ఐటీ కంపెనీల దగ్గర నిరసనలు జరిగాయి. తెలుగుదేశం తెలంగాణలో పోటీ నుంచి తప్పుకుంది. ఆ ఓటంతా కాంగ్రెస్‌కు వెళ్తుందని టీవీల్లో చాలామంది చెప్పారు. కూకట్‌పల్లిలో ఏమైంది? కృష్ణారావు గారి మెజారిటీ 41 వేల నుంచి 70 వేలు దాటింది. కాంగ్రెస్‌కు వచ్చినవి 65 వేల పైచిలుకు, అంటే 2018లో సుహాసిని గారికి వచ్చినదానికంటే తక్కువే. శేరిలింగంపల్లిలో గాంధీ గారి మెజారిటీ 46 వేల పైన. కుతుబుల్లాపూర్‌లో 85 వేలు దాటింది, ఆ ఎన్నికలో రాష్ట్రంలోనే అది పెద్ద మెజారిటీ. నిరసనకు వెళ్లినవాళ్లలో కొందరు కాంగ్రెస్‌కు వేశారు, కొందరు జనసేనకు వేశారు, చాలామంది తమ ఎమ్మెల్యేకే వేశారు.

అసలు సెటిలర్ అన్న మాటే ఇప్పుడు సరిపోదు. 1985లో కేపీహెచ్‌బీకి వచ్చినాయన మనవరాలు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే ఓటు తీసుకుంది. ఆమెను ఎక్కడినుంచి వచ్చావని అడిగితే కూకట్‌పల్లి అంటుంది. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు "బయటినుంచి వచ్చినవాళ్లు" అంటే చాలావరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవాళ్లు. బాలానగర్ చిన్న ఇంజనీరింగ్ యూనిట్లలో ఉత్తరాది కార్మికులు, అల్లాపూర్‌లో ముస్లిం కుటుంబాలు, ఫతేనగర్, మూసాపేట బస్తీల్లో రెండు మూడు తరాలుగా ఉన్న దళిత, బీసీ కుటుంబాలు, వీళ్లందరూ కూకట్‌పల్లి ఓటర్లే. టీవీ చర్చల్లో వీళ్ల పేరు ఎత్తడం నేను అరుదుగా విన్నాను. క్యూలో మాత్రం ముందు కనిపించేది వీళ్లే.

క్యూలో ఎవరున్నారు

దీన్ని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు బాధ కలిగించేది ఇదే. 2023లో శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు, తెలంగాణలో అన్నిటికంటే పెద్ద సీటు. భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. అసెంబ్లీలో ఇద్దరికీ ఒక్కో ఎమ్మెల్యే. ఇంత పెద్ద సీటులో పోలింగ్ 50 శాతం దాటలేదు.

పోలింగ్ డ్యూటీలో నేను చూసిన దృశ్యం ప్రతిసారీ ఒకటే. బస్తీ పక్కనున్న స్కూల్లో పొద్దున ఏడింటికే క్యూ మలుపు తిరిగి ఉంటుంది. కూలికి వెళ్లేవాళ్లు ముందు ఓటేసి పనికి పోతారు, ముసలమ్మలను మనవలు చేయి పట్టుకుని తీసుకొస్తారు. కిలోమీటరు దూరంలో పెద్ద అపార్ట్‌మెంట్ల బూత్‌లో పదింటికి కూడా సిబ్బందే ఎక్కువ కనబడతారు. 2018లో పోలింగ్ శుక్రవారం, 2024లో సోమవారం. వారాంతంతో కలిపి సెలవులు వస్తే ఊళ్లకు వెళ్లిపోతారు. 2019లోనూ 2024లోనూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పోలింగ్, ఇక్కడి లోక్‌సభ పోలింగ్ ఒకే రోజు. అక్కడ ఓటున్నవాళ్లు ముందురోజు రాత్రే బస్సులూ రైళ్లూ ఎక్కారు. 2014లో మాత్రం ఇక్కడ ఏప్రిల్ 30, అక్కడ మే 7. రెండు చోట్లా పేరున్నవాళ్లు రెండు చోట్లా వేసిన సందర్భాలు ఉన్నాయని అందరికీ తెలుసు. అది చట్టప్రకారం తప్పు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలంటుంది. దరఖాస్తులో తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు.

తక్కువ శాతం పోలింగ్‌కు జనం బద్ధకమే కారణం అనడం కూడా అన్యాయం. బీఎల్‌ఓగా తిరిగినప్పుడు నేను చూసిన అపార్ట్‌మెంట్లలో జాబితాలో పేరున్న మనిషి మూడింట ఒక ఇంట్లో ఉండేవాడు కాదు. అద్దెకు వచ్చి, ఓటు రాయించుకుని, ఏడాదికి ఇల్లు మారిపోయినవాళ్లు వాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లకు ఓటు ఉండదు, వెళ్లిపోయినవాళ్ల ఓటు ఇక్కడే ఉంటుంది. పోలింగ్ శాతం లెక్కగట్టేది ఆ మొత్తం జాబితా మీద. జాబితా శుభ్రంగా ఉంటే శాతం కనబడేదానికంటే కొంత మెరుగ్గానే ఉంటుంది. ఇంకోవైపు, శుభ్రం చేసే హడావుడిలో ఉన్నవాళ్ల పేర్లు పోతాయి. 2018లో కార్డు చేతిలో పట్టుకుని వచ్చి, పేరు లేక వెనక్కి వెళ్లినవాళ్లు చాలామంది. నా టేబుల్ ముందు ఒకావిడ ఏడ్చేసింది. అదే బూత్‌లో అంతకుముందు రెండుసార్లు ఓటేసింది, ఇల్లు మారలేదు, పేరు లేదు. నా చేతిలో ఏమీ లేదని ఆవిడకు చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన నిమిషాల్లో ఒకటి.

ఇదంతా ఫలితం మీద ఎలా పనిచేస్తుందంటే: వచ్చి వేసేవాళ్లలో బస్తీలు, పాత కాలనీలు, ఎమ్మెల్యేతో పరిచయం ఉన్న కుటుంబాలు ఎక్కువ. కొత్త టవర్ల ఓటు జనాభాలో ఉన్నంత క్యూలో ఉండదు. అందుకే ఉన్న ఎమ్మెల్యేకు అసెంబ్లీలో అదనపు బలం. లోక్‌సభకు వచ్చేసరికి ఆ పరిచయం అంతగా పనిచేయదు, అప్పుడు ఫలితం గిర్రున తిరుగుతుంది.

రేపు ఏమవుతుందని అడిగారు కాబట్టి: విభజన చట్టంలో 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలని ఉంది గానీ అది రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి ఉంది. అందుకే ఇప్పటిదాకా జరగలేదు. 2026 తర్వాతి తొలి జనగణన మీద గీతలు మారితే శేరిలింగంపల్లి, కుతుబుల్లాపూర్ లాంటివి చీలక తప్పదు. 2009లో కొత్త గీతలు కొత్త మనిషికి దారి ఇచ్చాయి. ఈసారీ అలాంటి తలుపు తెరుచుకోవచ్చు.

మీ విషయానికి వస్తే, మూడేళ్లయిందన్నారు గానీ ఓటు ఇక్కడికి మార్చుకున్నారో లేదో రాయలేదు. మార్చుకోకపోతే ఫారం 8 (ఓటు చిరునామా మార్చే దరఖాస్తు) పెట్టండి. 2022 నుంచి నియోజకవర్గం మారినా అదే ఫారం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. బీఎల్‌ఓ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి, లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పేరు ఎక్కాక ఓటర్ల జాబితాలో మీ పార్ట్ నంబరు చూసి ఏ సీటో ఇక్కడ రాయండి. నిజాంపేట రోడ్డులో ఒకవైపు ఇళ్లు ఒక సీటులోకి, కాస్త లోపలికి వెళ్తే మరో సీటులోకి వస్తాయి. కుతుబుల్లాపూర్ అని తేలితే, 2009లో అక్కడ ఇండిపెండెంట్‌గా కూన శ్రీశైలం గౌడ్ గారు ఎలా గెలిచారో, ఆ బూత్‌ల లెక్కతో సహా విడిగా రాస్తాను.